బెంగళూరులో ఉండి సేద్యం నేర్చుకోవాలంటే: యూనివర్సిటీ పొలమా, కృషి విజ్ఞాన కేంద్రమా (కేవీకే), ప్రైవేటు ఫారమా?

మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు కాపురాలుంటున్న మనవాళ్లలో ఊళ్లో ఐదో పదో ఎకరాలు ఉన్నవాళ్లు చాలామంది. హిందూపురం, కదిరి, మదనపల్లె అంటే పూట ప్రయాణం. నాన్నకు వయసు మీద పడింది, కౌలుకిస్తే కౌలుదారు యూరియా మీద యూరియా చల్లి నేలను పిండుకుంటున్నాడు, మనమే చూసుకుందామంటే సేద్యం చేతకాదు. ఇలాంటివాళ్లు ఒక పక్క. ఇంటర్ బైపీసీ అయిన పిల్లను అగ్రికల్చర్ బీఎస్సీలో చేర్పించాలా వద్దా అని టెన్షన్ పడే తల్లిదండ్రులు ఇంకో పక్క. దేవనహళ్లి వైపో ఆనేకల్ వైపో ఎకరం కొని చెట్లు పెంచుదామనుకునేవాళ్లు మరికొందరు. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించాక రైతు కుటుంబం కానివాళ్లకూ ఇక్కడ పొలం కొనడం తేలికైంది. ఈ మూడో రకం వాళ్లకు నేను ఒకటే చెబుతాను: కొనేముందు ఒక పంటకాలం ఎక్కడైనా పనిచేయండి.

అందరూ చివరికి అడిగేది ఒక్కటే: రసాయనాల మీదే ఆధారపడకుండా, నేల చెడకుండా సేద్యం చేయడం చేత్తో చేసి నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? బెంగళూరు చుట్టుపక్కల చోట్లు చాలా ఉన్నాయి. పేరు చూసో సర్టిఫికెట్ చూసో ఎంచుకుంటే డబ్బు, శనివారాలు రెండూ పోతాయి. ఎక్కడికెళ్లినా మూడు విషయాలు అడగమంటాను. విత్తనం నుంచి కళ్లం దాకా కనీసం ఒక పంట నా చేతుల మీదుగా నడుస్తుందా? ఆ పొలం ఖర్చు, రాబడి లెక్కల పుస్తకం నాకు చూపిస్తారా? ఇక్కడి నేల, ఇక్కడి వాన మా ఊరికి దగ్గరగా ఉన్నాయా? ఈ మూడింటికీ సూటిగా జవాబు వచ్చే చోటు చిన్నదైనా మంచిదే. వీటిలో మొదటిదానికే నేను ఎక్కువ బరువు ఇస్తాను. ఎందుకో చెబుతాను.

రాగి పంట నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో విత్తడం ఒక రోజు పని, కోత ఒకట్రెండు రోజుల పని. వర్క్‌షాపుల్లో ఈ రెండే ఉంటాయి, ఫోటోలకు బాగుంటాయి కూడా. మధ్యలో జరిగేదే అసలు సేద్యం. విత్తిన తర్వాత ఇరవై రోజులు వాన రాదు. కలుపు పైరును మించిపోతుంది. కూలీలు రేపు వస్తామని రారు. ఆకు మీద మచ్చ కనిపిస్తుంది, అది తెగులో, పోషకం లోపమో తేల్చుకోవాలి. ఈ నడిమి రోజుల్లో అక్కడ లేని మనిషికి పదును, అంటే దుక్కికీ విత్తడానికీ సరిపడే తేమ, ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో ఎవరూ నేర్పలేరు.

యూనివర్సిటీ పొలం

బెంగళూరులో యూనివర్సిటీ పొలం అంటే ముందు గుర్తొచ్చేది జీకేవీకే, అంటే గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి బళ్లారి రోడ్డులో యలహంక వైపు వెళ్తుంటే వస్తుంది. ఈ క్యాంపస్ ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది కానీ దాని మూలం ఇంకా పాతది. 1899లో మైసూరు రీజెంటు మహారాణి కెంపనంజమ్మణ్ణి హెబ్బాళలో ఇచ్చిన 30 ఎకరాల్లో ప్రయోగ క్షేత్రం మొదలైంది. లేమాన్ అనే శాస్త్రవేత్త దాన్ని నడిపారు. 1913లో అక్కడే వ్యవసాయ పాఠశాల, 1946లో కళాశాల వచ్చాయి.

ఈ చరిత్ర గొప్ప కోసం చెప్పడం లేదు. పొలం పాతదైతే రికార్డులు పాతవి ఉంటాయి, నేర్చుకునేవాడికి అదే పెద్ద ఆస్తి. జీకేవీకే మెట్ట సేద్య విభాగం 1978లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. పక్కపక్క మడుల్లో ఏటా రాగి వేస్తారు. ఒక మడికి ఏ ఎరువూ ఉండదు. ఒకదానికి రసాయన ఎరువే. ఒకదానికి హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు. ఇంకొన్నింటికి రెండూ కలిపి. దశాబ్దాలు ఇలా నడిపితే తేలిందేమిటంటే, రసాయన ఎరువు ఒక్కటే వేసిన మడిలో మొదట్లో దిగుబడి బాగానే ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ జారిపోయింది. పశువుల ఎరువుతో కలిపి వేసిన చోట నిలకడగా వచ్చింది, మట్టిలో సేంద్రియ కర్బనం కూడా మెరుగ్గా ఉంది.

దీన్ని కాగితం మీద చదవడం వేరు, గట్టు మీద నిలబడి చూడడం వేరు. పైన వానా ఒక్కటే, విత్తనమూ ఒక్కటే. ఏ ఎరువూ లేని మడిలో రాగి మోకాలి ఎత్తు కూడా రాకుండా, వేళ్లు ముడుచుకున్నట్టు చిన్న వెన్నుతో ఉంటుంది. రెండడుగుల అవతల కలిపి వేసిన మడిలో పిలకలు గుబురుగా వచ్చి వెన్నులు బరువుకు వంగి ఉంటాయి. రసాయనాలే గతి అనేవాళ్లూ, చిటికెడు ఎరువు తగిలినా భూమి చచ్చిపోతుందనేవాళ్లూ ఇద్దరూ ఒకసారి ఈ తేడా చూడాలని నా కోరిక. ఏ పక్షమైనా ఎంచుకోండి, కానీ ఇది చూశాక ఎంచుకోండి. ప్రైవేటు ఫారాల్లో ఇది దొరకదు. ఏ రైతూ కావాలని తన పొలంలో ఒక మడిని నలభై ఏళ్లు ఎండబెట్టుకోడు కదా.

అదే క్యాంపస్‌లో సేంద్రియ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, తేనెటీగల పెంపకం నేర్పే విభాగానికి మంచి పేరుంది, పంటతో పాటు పశువులు, కోళ్లు, చేపలు, పండ్లచెట్లు కలిపి చూపే సమగ్ర వ్యవసాయ నమూనాలున్నాయి. ఏటా నవంబరు ప్రాంతంలో కృషి మేళా జరుగుతుంది. అప్పటికి రాగి కోతకు వచ్చి ఉంటుంది కాబట్టి రకాలన్నీ పక్కపక్కన నిలబడి కనిపిస్తాయి. మేళాకు వెళ్తే స్టాళ్ల దగ్గర కాలం గడపకుండా ప్రదర్శన మడుల దగ్గరికి పొద్దున్నే వెళ్లండి. మధ్యాహ్నానికి జనం తొక్కిసలాటలో ఏమీ అడగలేరు.

డిగ్రీలో చేరే పిల్లలకు ఈ పొలం ఎంతవరకు అందుతుందన్నది అసలు ప్రశ్న. అగ్రికల్చర్ బీఎస్సీ సిలబస్‌లో ఖరీఫ్‌కొకటి, రబీకొకటి పంట పండించే ప్రాక్టికల్ కోర్సులు పెట్టారు. దుక్కి దగ్గర నుంచి కోత, నూర్పిడి దాకా పిల్లలే చేసి, చివర్లో ఒక్కొక్కరికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలిందో లెక్క రాసి చూపించాలి. ఆఖరి సంవత్సరంలో పల్లెలో రైతుల దగ్గర ఉండి పనిచేసే కార్యక్రమం ఉంటుంది. మరో సెమిస్టర్‌లో పుట్టగొడుగులో, నర్సరీయో, తేనెటీగలో ఎంచుకుని ఉత్పత్తి చేసి అమ్మాలి, లాభంలో వాటా పిల్లలకే. కాగితం మీద ఇది చాలా మంచి పద్ధతి. కాలేజీని బట్టి అమలు మారిపోతుంది. సెమిస్టర్ తేదీలు వానను చూసి పెట్టరు కాబట్టి, మే, జూన్ నెలల దుక్కి పనులు జరిగేటప్పుడు చాలాచోట్ల పిల్లలు సెలవుల్లోనో పరీక్షల్లోనో ఉంటారు. పొలం పని కూలీలే చేసి, పిల్లలు రికార్డు రాసుకునే కాలేజీలూ ఉన్నాయి. అందుకే కౌన్సెలింగ్‌కు ముందు ఆ కాలేజీలో మూడో సంవత్సరం చదివే పిల్లల్ని ఇద్దరిని పట్టుకుని అడగండి: నీ మడి ఏది, అందులో కలుపు ఎవరు తీశారు, నీ లెక్క ఎంత తేలింది? గబగబా చెప్పగలిగితే ఆ కాలేజీ పొలం నిజంగా పిల్లల చేతుల్లో ఉన్నట్టే.

సీటు సంగతి క్లుప్తంగా. కర్ణాటక సీట్లకు ఈ రాష్ట్ర ప్రవేశ పరీక్ష కేసెట్ (కేసీఈటీ) రాయాలి, దానికి ఇక్కడ ఇన్నేళ్లు చదివి ఉండాలన్న స్థానికత నిబంధనలుంటాయి. రైతు పిల్లల కోటా ఉంది, దానికి విడిగా ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సీట్లకు సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష దారి. పిల్లలు ఆంధ్రలో చదివి ఉంటే ఈఏపీసెట్ రాసి గుంటూరు లాంలో ప్రధాన కార్యాలయం ఉన్న ఆచార్య ఎన్జీ రంగా యూనివర్సిటీ కాలేజీలు, ముఖ్యంగా 1961 నుంచి ఉన్న తిరుపతి వ్యవసాయ కళాశాల చూడడం మేలు. ఊరి నేలకు దగ్గరి పొలంలో చదువు అవుతుంది.

నేల, వాన గురించి

మూడో ప్రశ్న చాలామంది అడగరు. అడగాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, ఏడాది వాన సగటున 900 మి.మీ. పైమాటే, ఎక్కువ భాగం మే నెలలోనూ, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ పడుతుంది. అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మి.మీ. పడితేనే సంతోషం. రెండు చోట్లా ఎర్ర నేలే, చూడడానికి ఒకేలా ఉంటుంది. కానీ ఇక్కడ జులైలో విత్తి నిశ్చింతగా ఉండే రాగి అక్కడ ఒక తడి అందకపోతే ఎండిపోతుంది. తాడిపత్రి, నంద్యాల, ఆదోని వైపు నల్లరేగడి ఉన్నవాళ్లకు జీకేవీకేలో నేర్చుకున్న దుక్కి పద్ధతి పనికిరాదనే చెప్పాలి. రేగడిలో పదును తప్పితే గడ్డలు లేస్తాయి, ఎర్ర నేలలో ఆ ఇబ్బంది తక్కువ. వాళ్లు నంద్యాల పరిశోధన స్థానం వైపు చూడాలి. కోస్తాలో వరి ఉన్నవాళ్లకు బెంగళూరు చుట్టూ తిరగడం కన్నా మండ్యలోని వీసీ ఫారం అనే వ్యవసాయ పరిశోధన క్షేత్రం మేలు. అది కాలువ నీటి సేద్యం, వరి, చెరకు ఉన్న ప్రాంతం. ఆఫ్రికా రాగిని మన రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు ఇచ్చిన లక్ష్మణయ్యగారు పనిచేసింది కూడా అక్కడే.

మీ నేల ఏదో మీకే తెలియకపోతే ఒక పని చేయండి. పిడికెడు మట్టి తీసుకుని కొంచెం నీళ్లు కలిపి ముద్ద చేయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బన్‌లా బయటికి నొక్కండి. ముద్దే కట్టకుండా పొడిగా రాలిపోతే ఇసుక నేల. అంగుళం లోపే తెగిపోతే గరప, అంటే ఇసుక, బంక కలిసిన నేల. రెండంగుళాలు సాగి వేలికి అంటుకుని నిగనిగలాడితే బంకమట్టి ఎక్కువ. ఇది చూపించకుండా మొదటి రోజే కషాయాలు చేయించే చోటు ఉంటే నాకు నమ్మకం కుదరదు.

కేవీకే: పొలం ఉన్నవాళ్లకు నా మొదటి ఓటు

కృషి విజ్ఞాన కేంద్రాలకు ప్రచారం తక్కువ. దేశంలో మొదటిది 1974లో పుదుచ్చేరిలో పెట్టారు, ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాకూ ఉంది. బెంగళూరు దగ్గర్లో దొడ్డబళ్లాపుర తాలూకా హాడోనహళ్లిలో ఒకటి, రామనగర వైపు మాగడి దగ్గర చందూరాయనహళ్లిలో ఒకటి ఉన్నాయి. వీళ్ల పని పరిశోధన ఫలితాన్ని రైతు పొలంలో వేసి చూడడం. అంటే నేర్పే మనిషి నిన్న ఏదో ఒక ఊళ్లో రైతుతో వాదించి వచ్చిన మనిషి. శిక్షణలకు చాలాసార్లు ఫీజు ఉండదు, ఉన్నా తక్కువే. మట్టి పరీక్ష, విత్తనం, జీవన ఎరువులు అక్కడే దొరుకుతాయి.

ఇబ్బందులు రెండు. శిక్షణలు ఎక్కువగా పనిరోజుల్లో, పొద్దున పదికి మొదలవుతాయి. వైట్‌ఫీల్డ్ నుంచి దొడ్డబళ్లాపురకు ట్రాఫిక్‌లో రెండు గంటలు తక్కువ పట్టదు, లీవు పెట్టాల్సిందే. రెండోది, పాఠం కన్నడలో ఉంటుంది. అయితే దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చే రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. పక్కన కూర్చున్న పెద్దాయన్ని 'అన్నా, ఆయన ఏం చెప్పినాడు?' అని అడిగితే పాఠం కన్నా ఎక్కువే చెప్తారు. బెంగళూరులో మూడేళ్లు ఉన్నవాళ్లకు పొలం కన్నడ అర్థం కాకపోవడం ఉండదు.

మీ పొలం ఆంధ్రలోనే ఉంటే ఇంకో మాట. అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కళ్యాణదుర్గం కేవీకేలు, మదనపల్లె వైపు వాళ్లకు కలికిరి కేవీకే ఉన్నాయి. అక్కడ శిక్షణ తెలుగులో, మీ నేల మీద, మీ పంటలకు. ఊరెళ్లిన రోజుల్లో ఒక పూట అక్కడ గడిపితే, బెంగళూరులో డబ్బు కట్టి చేసే కోర్సు కన్నా ఎక్కువ పనికొస్తుందని గట్టిగా నమ్ముతాను. సర్పంచ్‌ని కలిసినట్టే అక్కడి శాస్త్రవేత్తనూ కలవండి, మీ సర్వే నంబరు నేలలో ఏం పండుతుందో అడగండి.

కూరగాయలు, పండ్లు

పండ్లతోట, కూరగాయలు మనసులో ఉంటే హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థను వదలొద్దు. 1967 నుంచి ఉంది. అర్క రక్షక్ అనే టమాటా హైబ్రిడ్ ఇక్కడిదే. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. మదనపల్లె, కోలారు టమాటా రైతుకు మందుల ఖర్చు ఎక్కడ తగ్గుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది. మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లకూ ఇక్కడ శిక్షణలు, కొబ్బరిపొట్టు మిశ్రమాలు, నిలువు తోట చట్రాలు ఉన్నాయి. డాబా తోట ఒక్కటే కావాలనుకుంటే మిగతా వ్యాసం చదవక్కర్లేదు, ఇక్కడికి వెళ్లండి.

ప్రకృతి సేద్యం, పర్మాకల్చర్ నేర్పే ఫారాలు

కనకపుర రోడ్డులో ఆర్ట్ ఆఫ్ లివింగ్ వాళ్ల వ్యవసాయ సంస్థ ప్రకృతి సేద్యం నేర్పుతుంది. సర్జాపుర రోడ్డు వైపు భూమి కాలేజ్ పర్యావరణ చదువులో పర్మాకల్చర్‌ను, అంటే నీరు, చెట్లు, పంటలు ఒకదానికొకటి ఆసరా అయ్యేలా పొలాన్ని అమర్చే పద్ధతిని, భాగం చేసింది. ఆనేకల్ దాటి తమిళనాడు సరిహద్దులో నవదర్శనం అనే సమూహం 1990 నుంచి ఎండిన కొండభూమిని మళ్లీ అడవిగా తేవడం చేసి చూపించింది. ఇవి కాక చిన్నా పెద్దా ప్రైవేటు ఫారాలు చాలా ఉన్నాయి, వారాంతపు వర్క్‌షాపులు పెడతాయి.

వీటి బలం చేతులు. యూనివర్సిటీలో జీవామృతం (పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే ద్రవం) గురించి విశ్లేషణ వింటారు, ఇక్కడ కలుపుతారు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీద నుంచి పిడికెడు మట్టి. నీడన 48 గంటలు, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. రెండో రోజుకు నురగ కట్టి, పేడ వాసన పోయి పులిసిన వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకు తెలిస్తే తర్వాత ఎప్పుడు చెడిపోయిందో కూడా తెలుస్తుంది. నీటి వాలు చూసి కందకాలు ఎక్కడ తవ్వాలి, గాలి ఎటు నుంచి వస్తే కంచె చెట్లు ఎటు పెట్టాలి అని పొలాన్ని మొత్తంగా చూసే కన్ను కూడా ఈ చోట్లే ఎక్కువగా ఇస్తాయి. డిగ్రీ చదువులో సబ్జెక్టులు ముక్కలుగా ఉండడం వల్ల ఈ చూపు ఆలస్యంగా వస్తుంది.

బలహీనత లెక్కలు. ఒక ఫారంలో రెండు రోజుల వర్క్‌షాపుకు నా స్నేహితుడు బాగానే డబ్బు కట్టి వెళ్లాడు. భోజనం బాగుంది, స్లైడ్లు బాగున్నాయి, ఒక మొక్క నాటించి ఫోటో తీశారు. ఎకరానికి కూలి ఖర్చెంత అని అడిగితే నవ్వి వదిలేశారు. అందుకే అలాంటి చోట ఈ ప్రశ్న తప్పకుండా వేయండి: ఈ ఫారం పంట అమ్మి బతుకుతోందా, వర్క్‌షాపు ఫీజుతో బతుకుతోందా? రెండోదైతే తప్పేమీ లేదు, కానీ అక్కడ మీరు నేర్చుకునేది తోట పెంపకం. ఊళ్లో ఐదెకరాల మీద ఇల్లు గడవాలనుకునేవాళ్లకు అది చాలదు.

ప్రకృతి సేద్యమే మీ దారి అని తేల్చుకున్నవాళ్లు ఆంధ్రలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న కార్యక్రమాన్ని చూడకుండా ప్రైవేటు కోర్సుకు డబ్బు కట్టొద్దు. పులివెందులలో దీనికి పరిశోధన, శిక్షణ కోసం జర్మనీ సహకారంతో అకాడమీ కూడా ఉంది. నేర్పేది ఎక్కువగా సాటి రైతులే, అందులో ఆడవాళ్లు చాలామంది. వానకు ముందే నవధాన్యాలు విత్తే పద్ధతి వీళ్ల దగ్గర చూడాలి. కంది, అలసంద, సజ్జ, ఆముదం, నువ్వు లాంటి విత్తనాలకు బంకమట్టి, ఘనజీవామృతం (జీవామృతం లాంటిదే, పొడి రూపంలో), బూడిద పొరలు పొరలుగా పట్టించి గుళికలు చేసి పొడి దుక్కిలోనే చల్లుతారు. నాలుగు చినుకులకే మొలకెత్తి నేలను కప్పేస్తాయి. వేసవంతా వేరుశనగ బీడు ఎర్రగా ఎండిపోయి ఉండే సీమలో జూన్‌కే పచ్చగా ఉన్న చేను చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

రైతు దగ్గర పని

ఇది ఎవరూ కోర్సుగా చెప్పరు, అయినా నేను అన్నింటికన్నా గౌరవించేది ఇదే. దొడ్డబళ్లాపుర వైపు ఎల్. నారాయణరెడ్డిగారు దశాబ్దాలపాటు తన సేంద్రియ పొలాన్నే బడిగా నడిపారు. ఆయన 2019లో పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్న రైతులు ఇంకా ఈ చుట్టుపక్కల ఉన్నారు. బెంగళూరులో సహజ సమృద్ధ లాంటి సేంద్రియ రైతుల సంఘాల విత్తన మేళాలకు వెళ్తే అలాంటివాళ్లు తారసపడతారు.

ఈ ప్రాంతపు రైతు దగ్గర చూడాల్సింది కన్నడలో 'అక్కడి సాలు' అనే మిశ్రమ పంటల పద్ధతి. రాగి చేలో కొన్ని వరుసలకొకటి చొప్పున అనుములు, కంది, జొన్న, ఆముదం, ఆవాలు, ఒడిసెలు వేస్తారు. రాగి పోయినా అనుములు మిగులుతాయి. ఆముదం లద్దెపురుగును తనవైపు లాక్కుంటుంది. జొన్న మీద పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకుంటాయి. రాగి గడ్డి పశువులకు, ఆవాలు వంటింటికి. జనవరిలో అనుముల కాయ బజారుకు వస్తే చేతికి రొక్కం. పర్మాకల్చర్ పుస్తకాల్లో బొమ్మలేసి చెప్పేదంతా ఇక్కడ ఎకరంలో నడుస్తోంది, అదీ ఖర్చు లేకుండా. యూనివర్సిటీ హెబ్బాళ అవరె పేరుతో పొట్టి రకాలు ఇచ్చింది. పాత రకం వాసన వాటికి రాదని రైతులు అంటారు, రెండూ పక్కపక్కన తిని చూడండి.

రైతు దగ్గరికి వెళ్లేటప్పుడు 'నేర్పండి' అని వెళ్లకండి. ఆయన టైము ఆయనకు విలువైనది. కలుపు తీసే వారం, కోత వారం ముందే అడిగి, ఆ రోజులకు చేతి సాయంగా వెళ్లండి. పనిచేసిన మనిషికి ఏ రైతైనా మధ్యాహ్నం ముద్ద తినేటప్పుడు తన అప్పుతో సహా అన్నీ చెబుతాడు. లెక్కల పుస్తకం నోటి మీదే ఉంటుంది.

ఎవరికి ఏది

పదిహేడేళ్ల పిల్లకైతే సందేహం లేకుండా యూనివర్సిటీయే. ఉద్యోగం, పై చదువులు, మట్టిని కొలిచి మాట్లాడే అలవాటు అక్కడే వస్తాయి. పేడ ముట్టని డిగ్రీ కాకుండా ఉండాలంటే ఏటా ఒక సెలవు రైతు దగ్గర గడపాలని చేర్పించే రోజే మాట తీసుకోండి. ఊళ్లో పొలం ఉన్న ఉద్యోగికి ఊరి కేవీకే, దానికి తోడు బెంగళూరు దగ్గర్లో ఒక రైతు. జీకేవీకేకి కృషి మేళాలోనూ, ఏదైనా చిన్న శిక్షణకూ వెళ్తే చాలు. కొత్తగా పొలం కొనాలనుకునేవాళ్లు ముందు పర్మాకల్చర్ ఫారంలో నీటి వాలు, నేల చదవడం నేర్చుకుని, ఆ తర్వాతే బ్రోకరుతో మాట్లాడాలి. బోరు ఎండిపోయిన భూమిని చెట్లు చూసి కొన్నవాళ్లు ఈ నగరంలో తక్కువేం కాదు. చిన్నపిల్లలకు చూపించడానికైతే వారాంతపు ఫారం ఏదైనా సరే, కాకపోతే ఒకే ఫారానికి జులైలో, సెప్టెంబరులో, డిసెంబరులో తీసుకెళ్లండి. అప్పుడే పిల్లలకు పంట కనిపిస్తుంది, లేకపోతే పిక్నిక్ కనిపిస్తుంది.

చేరేముందు ఒక్కసారి ఊరికే చూడ్డానికి వెళ్లండి. ఆఫీసు కన్నా ముందు కంపోస్టు కుప్ప దగ్గరికి. ఒక ఇనుప చువ్వ కుప్పలోకి గుచ్చి ఐదు నిమిషాలుంచి తీయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే కుప్ప బతికి ఉంది, లోపల 55 డిగ్రీలు దాటుతోంది. కుప్ప పాతదైతే చల్లబడి నల్లటి మట్టిలా, వాన వాసనతో ఉండాలి. రెండూ కాకుండా చల్లగా, పులిసి, ఈగలు ముసిరి ఉంటే అక్కడ కంపోస్టు గురించి చెప్పేదే తప్ప చేసేది తక్కువ. తర్వాత పనిముట్ల గది చూడండి. పారల పిడులు అరిగి నున్నగా ఉన్నాయా? ఆఖరిగా పోయినేడు ఏ పంట పోయిందో, ఎందుకు పోయిందో అడగండి. ఏ పంటా పోలేదని చెప్పే చోట చేరకండి.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు రోజుల లెక్క ఇది. ఇక్కడ రాగి విత్తేది జులై, ఆగస్టుల్లో, కోసేది నవంబరు, డిసెంబరుల్లో. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే కేవీకేకో రైతుకో ఫోన్ చేసి మాట్లాడుకోవాలి. మట్టి నమూనా కూడా అప్పుడే, పొలం ఖాళీగా ఉన్నప్పుడే తీయాలి. ఎకరంలో పది చోట్ల వంకరటింకరగా నడుస్తూ, జానెడు లోతున 'వి' ఆకారంలో గుంత తీసి, గోడ నుంచి పలుచగా మట్టి గీకి, అన్నీ కలిపి అరకిలో మిగుల్చుకోవాలి. పేడకుప్ప పెట్టిన చోటా, గట్టు కిందా, చెట్టు నీడనా తీయొద్దు. ఖరీఫ్ దాటిపోయిందనుకుంటే మళ్లీ ఏడాది ఆగక్కర్లేదు. ఉలవలు సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తుతారు, మూడు నెలల చిల్లరలో చేతికి వస్తాయి, ఖర్చు పెద్దగా ఉండదు, బీడు పడిన నేలలో కూడా పండుతాయి. మొదటి పంటగా అదే నేర్చుకోండి.